మగ్గమున్న ఇంటిలో గాలి మార్గాల తనిఖీ, నిర్వహణ

భూదాన్ పోచంపల్లి చరిత్రలోను, చేనేతలోను ప్రత్యేక స్థానం గల ఊరు. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాల భూమిని దానం చేయడంతో భూదానోద్యమం ఇక్కడ మొదలైనది. పోచంపల్లి ఇక్కత్ 2005లో భౌగోళిక గుర్తింపు పొందినది. 2021లో ఐక్యరాజ్య సమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఈ గ్రామాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసినది. పూర్వం నల్లగొండ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది.

ఈ ఖ్యాతికి మూలమైన వస్త్రం చాలావరకు నేతకారుల ఇళ్ళలోనే రూపు దిద్దుకుంటున్నది. ఆసు పోయడం, చిటికి కట్టడం, రంగులద్దడం, నేయడం వంటి పనులలో ఇంటిల్లిపాదీ పాల్గొంటారు. వంట, నిద్ర, పిల్లల చదువు కూడా ఆ కప్పు కిందనే సాగుతాయి. కనుక ఇంటిలోని గాలి కుటుంబ ఆరోగ్యానికే కాక జీవనోపాధికి కూడా సంబంధించిన విషయం.

కిటికీలు ఎందుకు మూతపడతాయి?

ఎండాకాలపు పొడిగాలికి నూలు పోగు పెళుసెక్కి తెగుతుంది. ఈదురుగాలి వీస్తే పడుగు చెదురుతుంది, దుమ్ము పడితే లేత రంగులు మాసిపోతాయి. ఈ కారణాల వల్ల మగ్గం గదిలో కిటికీలు మూసి పనిచేయడం అలవాటుగా మారినది. నేతకారుని దృష్టిలో ఇది సబబైన జాగ్రత్తయే. అయితే మూసిన గదిలో నూలు ధూళి, వంట పొగ, రంగుల ఆవిరి బయటికి పోయే దారి లేక నిలిచిపోతాయి.

వ్యాట్ రంగులకు వాడే హైడ్రోస్ తడి తగిలినా, వేడెక్కినా విచ్ఛిన్నమై సల్ఫర్ డయాక్సైడ్‌ను వెలువరిస్తుంది. ఈ వాయువు గొంతును, ఊపిరితిత్తులను మండిస్తుంది. కట్టెల పొగ అంతకన్న విస్తృతమైన సమస్య. ఇళ్ళలోని వాయు కాలుష్యం వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది.

గాలి నడిచే తీరు

వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, దాని స్థానంలోకి చల్లని గాలి కింది నుంచి వస్తుంది. కనుక గాలి వచ్చే దారి కిందను, పోయే దారి పైకప్పు దగ్గరను, వీలైనంతవరకు ఎదురెదురు గోడలలోను ఉండవలెను. పైనున్న వెంటిలేటర్లు తెరచి ఉంచితే మగ్గం ఎత్తులో ఈదురుగాలి తగలదు, చెడుగాలి మాత్రం వెళ్ళిపోతుంది. పడుగును కాపాడుకుంటూనే గాలి ఆడించుకొనే మార్గం ఇదే. పొడి వేడి ప్రాంతాలలో గది నేల వైశాల్యంలో కనీసం పదవ వంతు కిటికీలు, వెంటిలేటర్లు ఉండవలెనని జాతీయ భవన నిర్మాణ నియమావళి సూచిస్తున్నది.

గుంట మగ్గం ఉన్న ఇళ్ళలో మరొక విషయం గమనింపదగినది. వంటగ్యాసు గాలి కన్న బరువైనది. అది లీకయితే పైకి పోక నేలమీద పాకి పల్లపు చోట్లకు చేరుతుంది. పక్క గదిలో లీకయిన గ్యాసు మగ్గం గుంటలో నిలిచే ప్రమాదం కలదు. అందుచేత వంటగదిలో నేలకు దగ్గరగా బయటికి తెరచుకొనే రంధ్రం ఉండడం అవసరం. గ్యాసు వాసన వచ్చినప్పుడు విద్యుత్ స్విచ్చులు ముట్టక, రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరచి, అందరూ బయటికి వచ్చిన తరువాత 1906 నంబరుకు తెలియజేయవలెను.

తనిఖీ విధానం

తనిఖీకి ఒక అగరువత్తి చాలును. ఫ్యాన్లు ఆపి, వెలిగించిన అగరువత్తిని వెంటిలేటరు వద్ద పట్టుకొనవలెను. పొగ బయటికి సాగితే దారి సవ్యంగా ఉన్నట్లు. కదలక నిలిచినా, గదిలోకి తిరిగి వచ్చినా ఆ మార్గం మూసుకుపోయినదనో, ఎదుటి వైపు గాలి వచ్చే దారి లేదనో గ్రహించవలెను. గ్యాసు వాసన ఉన్నచోట, రసాయనాలు, నూలు కండెల సమీపంలో ఈ పరీక్ష చేయరాదు.

కట్టెల పొయ్యి పొగగొట్టాన్ని పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాత పరీక్షించవలెను. మసి పేరుకుంటే పొగ వెనుదిరుగుతుంది. మసికి నిప్పంటుకొనే అవకాశం కూడా ఉన్నది. గొట్టం కప్పు కన్న కనీసం 2 అడుగులు ఎత్తుగా ఉండి, వాన పడకుండా పైన టోపీ కలిగి ఉండవలెను.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడిచేటప్పుడు కిటికీలన్నీ మూసి ఉంచరాదు. బయటి గాలికి వేరే దారి లేకపోతే ఆ ఫ్యాన్ పొగగొట్టంలోని పొగనే లోపలికి లాగుతుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది ప్రాణాంతకం.

నిర్వహణ క్రమం

వారానికొకసారి వెంటిలేటరు జాలీలకు పట్టిన నూలు ధూళిని, బూజును తడిగుడ్డతో తుడవవలెను. కూలరు నీటిని పూర్తిగా పారబోసి, తొట్టిని రుద్ది ఆరబెట్టవలెను. లేనిచో దోమలు పెరుగుతాయి.

నెలకొకసారి విద్యుత్ సరఫరా నిలిపివేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలను, మోటారుకు అంటిన నూలు పీచును తొలగించవలెను. ఆ పీచు సులభంగా అంటుకుంటుంది. కట్టెల పొయ్యి వాడే ఇళ్ళలో పొగగొట్టం మసి కూడా దులపవలెను.

ఏడాదికొకసారి, వానలకు ముందు, గోడల చెమ్మను, పగిలిన పెంకులను, పక్షిగూళ్ళతో మూసుకుపోయిన రంధ్రాలను సరిచేసుకొనవలెను.

స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది తప్ప బయటి గాలిని తీసుకురాదు. కనుక ఏసీ ఉన్నదని వెంటిలేటర్లు మూసివేయడం పొరపాటు. డక్టుల ద్వారా చల్లగాలి అందించే భవనాలలో బూజు, ఎలుకలు, విపరీతమైన ధూళి కనిపించినప్పుడు శుభ్రం చేయించడం అవసరం. కారణం లేకుండా తరచు శుభ్రం చేయించడం ఆరోగ్యానికి మేలు చేస్తుందని రుజువు కాలేదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పేర్కొన్నది.

అధికారులు గమనించవలసినవి

నేతకారులకు ఇల్లు గాని వర్క్‌షెడ్ గాని మంజూరు చేసేటప్పుడు నమూనా పటంలోనే మగ్గం గదికి ఎత్తయిన వెంటిలేటర్లు, రంగులద్దకానికి వేరుగా గాలి ఆడే వసారా చూపడం మేలు. కట్టిన గోడకు తరువాత రంధ్రం వేయడం కన్న ముందే వదలడం చవక. క్షేత్ర పర్యటనలో మగ్గాల సంఖ్యతోపాటు తెరచి ఉన్న వెంటిలేటర్లను కూడా లెక్కించినచో ఇంటి పరిస్థితి తెలుస్తుంది.

పోచంపల్లి చీరలో ప్రతి పోగు రంగు ముందుగా లెక్కకట్టినదే. ఆ పోగును పట్టుకొన్న మనిషి పీల్చే గాలికి కూడా ఒక లెక్క ఉండవలెను.