పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే...

పెట్రోలు ట్యాంకు మూత వదులుగా ఉన్నా కొన్ని కార్లలో ఆ బొమ్మ వెలుగుతుంది. పొగను శుభ్రం చేసే, వేలకు వేలు పోసి మార్చాల్సిన క్యాటలిటిక్ కన్వర్టర్ చెడిపోయినా అదే బొమ్మ వెలుగుతుంది. చూసి తేడా చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే కొందరు హడలిపోయి బండిని ఉన్నపళంగా షెడ్డుకు తోలుతారు. కొందరు అలాగే నెలల తరబడి తిప్పుతారు.

నిజానికి ఈ లైటు పుట్టింది పొగ కోసం. లాస్ ఏంజెలెస్ గాలి పాడైపోతోందని కాలిఫోర్నియా కట్టడి మొదలుపెట్టింది. కారు తన లోపాలను తానే పసిగట్టేలా అక్కడ పెరిగిన ఓబీడీ-2 పద్ధతిని 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నింటికీ తప్పనిసరి చేశారు. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013లో వచ్చింది. సెన్సార్లు పంపే లెక్కల్లో తేడా కనబడితే ఇంజిన్ కంప్యూటర్ ఒక కోడ్ రాసిపెట్టుకుని లైటు వెలిగిస్తుంది.

లైటు నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే ఇంటికి చేరుకోవచ్చు. వెలిగి ఆరి, వెలిగి ఆరి కొట్టుకుంటుంటే మాత్రం యాక్సిలరేటర్ మీద కాలు తగ్గించి, వీలైనంత త్వరగా పక్కన ఆపాలి. ఏదో సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదు; మండని పెట్రోలు సైలెన్సర్ గొట్టంలోకి పోయి కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. ఇక ఆయిల్ డబ్బా బొమ్మో, టెంపరేచర్ బొమ్మో ఎర్రగా వెలిగితే సంగతే వేరు. ఇంజిన్ వెంటనే ఆపేయాల్సిందే.

కోడ్ చదవడానికి షెడ్డుకే వెళ్లక్కర్లేదు. స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాళ్ల దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే బ్లూటూత్ అడాప్టర్ అందులో గుచ్చి, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ తెరిస్తే కోడ్ కనబడుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్లు దానికి పనికొచ్చే రకమేనా అని చూసి కొనాలి. కోడ్ వెంట, తేడా వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది అన్న వివరాలు కూడా ఉంటాయి. వాటిని రాసుకోకముందే కోడ్ చెరిపేయడం పెద్ద పొరపాటు. చెరిపితే అవీ పోతాయి.

అంతకన్నా పెద్ద పొరపాటు, కోడ్‌లో ఏ పేరు కనబడితే ఆ పార్టు కొనేయడం. పి0171 అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని. ఆ సంగతి ఆక్సిజన్ సెన్సార్ లెక్కల్లో బయటపడుతుంది కాబట్టి చాలామంది ఆ సెన్సార్‌నే మార్చేస్తారు. చాలాసార్లు అది తన పని తాను సరిగ్గానే చేస్తుంటుంది. కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచి పంపుతోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకెను యాప్‌లో చూడాలి. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆ అంకె ఇరవై దాటి, రేస్ చేయగానే బాగా తగ్గిపోతే, ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి లోపలికి పోతోందని అనుమానించాలి. రేస్ చేసేకొద్దీ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్, గాలి కొలిచే సెన్సార్ వైపు చూడాలి.

మంట సరిగ్గా అంటుకోక మిస్సింగ్ కొడుతున్న బండికి ఇంట్లో చేసుకోగలిగిన పరీక్ష మరీ బాగుంటుంది. నాలుగు సిలిండర్ల పెట్రోలు కారులో, ప్రతి ప్లగ్గు మీదా విడివిడిగా కాయిల్ ఉంటే, పి0302 కోడ్ వచ్చిందనుకుందాం. తేడా రెండో సిలిండర్‌లో ఉందన్నమాట. ఇంజిన్ చల్లారాక, తాళంచెవి తీసేసి, రెండో కాయిల్‌ను మూడోదాని చోట, మూడోదాన్ని రెండో చోట పెట్టాలి. కనెక్టర్ గొళ్లెం నొక్కి లాగాలి తప్ప వైరు పట్టుకుని లాగకూడదు. కోడ్ చెరిపి కాసేపు నడిపితే ఈసారి పి0303 వచ్చిందా, దోషం కాయిల్‌దే. మళ్లీ పి0302నే వస్తే కాయిల్ మంచిదే, తర్వాత ప్లగ్గుల్నీ అలాగే మార్చి చూడాలి. అప్పుడూ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి; అది మెకానిక్ పని.

మన ఊళ్లలో ఇంకో దోషి ఉంది, ఎలుక. అపార్ట్‌మెంట్ సెల్లార్లో నాలుగు రోజులు కదలని కారులో సెన్సార్ వైర్లు కొరికేస్తుంది. ఏ పార్టూ కొనకముందు బానెట్ ఎత్తి టార్చి వేసి చూడాలి.

బాగుచేశాక కోడ్ చెరపకపోయినా ఫర్వాలేదు. వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లలో తేడా కనబడకపోతే లైటు దానంతటదే ఆరిపోతుంది. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే తెలుగువాళ్లకు లైటు ఆరడం మరీ ముఖ్యం. అక్కడ ఏటా జరిగే పొగ పరీక్షలో లైటు వెలుగుతున్న కారు తప్పుతుంది. ముందురోజు రాత్రి కోడ్ చెరిపేసి తీసుకెళ్లినా లాభం లేదు. కారు తనను తాను పరీక్షించుకునే పనులు కొన్ని ఇంకా పూర్తికాలేదని మిషన్ పట్టేస్తుంది. అవి పూర్తయ్యేదాకా బండిని ఊళ్లోనూ హైవే మీదా కొన్ని రోజులు తిప్పి, యాప్‌లో రెడీ అని కనబడ్డాకే పరీక్షకు తీసుకెళ్లాలి.