వార్తను విచారించడం కూడా నేర్వవలసిన విద్యే

 



నమ్మదగని వ్యక్తి తెచ్చిన వార్తను విచారించకుండా స్వీకరించరాదని, అలా స్వీకరిస్తే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా 6వ ఆయత్ హెచ్చరిస్తోంది. దీని అవతరణ సందర్భాన్ని వ్యాఖ్యాతలు వివరించారు. బనూ ముస్తలిఖ్ తెగవారి నుండి జకాత్ తీసుకురావడానికి వెళ్లిన వ్యక్తి దారిలోనే వెనుదిరిగి, వారు జకాత్ నిరాకరించారని చెప్పాడు. విచారణ జరగకపోయి ఉంటే నిరపరాధులపై దాడి జరిగేది.

2018 మే నెలలో మన తెలుగు రాష్ట్రాల్లో ఆ విచారణే కొరవడింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్‌లో వ్యాపించింది. అమాయకులు దాడులకు గురయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. గద్వాల ప్రాంతంలో పోలీసులు ఊరూరా తిరిగి, పాటల ద్వారా ప్రజలకు నచ్చజెప్పవలసి వచ్చింది. ఆ సందేశాన్ని పిల్లల క్షేమం కోరి పంపిన తల్లిదండ్రులూ ఉండి ఉంటారు. సదుద్దేశం ఒక్కటే సరిపోదని దీన్నిబట్టి మనం గ్రహించాలి.

మన పూర్వ విద్వాంసులు ఈ విషయం ఎరిగినవారు. ఒక హదీసు వింటే, 'ఎవరి ద్వారా విన్నావు?' అని అడిగేవారు. ఉల్లేఖకుల నిజాయితీని, జ్ఞాపకశక్తిని పరీక్షించేవారు. వారి వారసులమైన మనం, గ్రంథం పేరైనా లేని మాటను 'హదీసు' అని నమ్మి, పదిమందికి పంపితే పుణ్యమంటూ పంచుతున్నాము. దైవప్రవక్త (స) పలకని మాటను ఉద్దేశపూర్వకంగా ఆయనకు అంటగట్టడం నరకానికి దారితీసే పాపం. తెలియక పంచేవారు సైతం ఆ అబద్ధానికి వాహకులవుతారు.

కనుక మనం కొన్ని విషయాలు నేర్చుకోవాలి. వార్త మొదట ఎక్కడ, ఏ తేదీన వచ్చిందో చూడాలి. ఫొటో పాతదేమో గూగుల్ లెన్స్‌లో వెతకాలి. సందేశంపై రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని తెలుసుకోవాలి. హదీసైతే గ్రంథం పేరు, సంఖ్య అడిగి ఆలిమ్‌కు చూపాలి. నిర్ధారణ కాకపోతే అక్కడితో ఆపివేయాలి. పొరపాటున పంపి ఉంటే, అదే గ్రూపులో తప్పు ఒప్పుకుని సరిదిద్దాలి. తౌబాలో అదీ భాగమే.

ప్రతి మస్జిదులో వారానికి ఒక గంట యువకులు పెద్దలకు ఈ నైపుణ్యం నేర్పాలి. పెద్దలు యువకులకు మాట మర్యాద, సహనం నేర్పాలి. స్త్రీలకూ ఈ అవకాశం కల్పించాలి.

చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందని ఇస్రా సూరా 36వ ఆయత్ తెలుపుతోంది. సందేశం పంపే వేలు కూడా ఆ విచారణ నుండి తప్పించుకోలేదు. అల్లాహ్ మనకు సత్యాన్ని తెలుసుకునే జ్ఞానాన్ని, తెలియనిచోట మౌనం వహించే నిగ్రహాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.