ఫైలు సర్వరునకు తోడు సర్వరు

మన కొడవలూరు వారికి తుపానులు క్రొత్త గావు. 1989 నవంబరులో గే యను పెనుతుపాను కావలి సమీపమున తీరము దాటినది. అట్టి రాత్రి, కచేరి పత్రములన్నియు దాచిన కంప్యూటరు, అనగా ఫైలు సర్వరు, నిలిచిపోయినచో గతి యేమి? ఆ యుపాయమును క్లుప్తముగా వివరించెదము.

ఇందులకై రెండు సర్వరుల నుంతురు. మొదటిదానిలో వ్రాసినదెల్ల రెండవదానికిని వెంటనే చేరును. మొదటిది క్షణక్షణమును “నేనున్నాను” అని సంకేతము పంపుచుండును. దీనిని హార్ట్‌బీట్, అనగా గుండెచప్పుడు, అందురు. అది కొంతసేపు వినబడనిచో, ఎవరును చేయి వేయకయే, రెండవది మొదటిదాని చిరునామాను దాల్చి పని సాగించును. ఇదియే ఫెయిలోవర్.

అయితే చప్పుడు వినబడనంతమాత్రమున మొదటిది చెడినదని తలంపరాదు. నడుమ తీగయే తెగియుండవచ్చును. అప్పుడు రెండును యజమానులై వేర్వేరుగా వ్రాసినచో లెక్కలు తారుమారగును. కావున సాక్షిగా మూడవ యంత్రమొకటి యుండవలెను. లేదా మొదటిదాని విద్యుత్తును ముందుగా ఆపివేయవలెను.

మొదటిది బాగుపడిన పిదప దానికి మరల పని నప్పగించుట ఫెయిల్‌బ్యాక్. ఇందు తొందర తగదు. సెలవుపై వెళ్లిన విద్యార్థి తోటివాని పుస్తకము చూచి తప్పిన పాఠములు వ్రాసికొనునట్లు, అదియు తాను లేనప్పటి మార్పులన్నియు ముందు గ్రహింపవలెను. లేనిచో పాత ప్రతి క్రొత్తదానిని తుడిచివేయును.

రెండు సర్వరులును ఒకే గదిలో నున్నచో ఒకే తుపానునకు రెండును పోవును. రెండవదానిని దూరపుటూర నుంచి, ఏటేట తుపాను దినములకు ముందే ఈ మార్పిడిని పరీక్షించుట మేలు.