మన చొక్కా మనమే కుట్టుకుందాం

మనిషికి కూడు, గుడ్డ, గూడు ప్రాథమిక అవసరాలని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. కూడు ఎలా వస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పామిడిముక్కల, ఉయ్యూరు చుట్టుపక్కల చేలల్లో ఊడ్పులు ఊడ్చింది, కోతలు కోసింది మన అమ్మానాన్నలే. గూడు కట్టే తాపీ పని తెలిసినవారూ మన ఇళ్ళలో ఉన్నారు. గుడ్డ దగ్గరికి వచ్చేసరికే మనం ఇంకొకరి మీద ఆధారపడుతున్నాం. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకున్నాం. చొక్కా చంకలో పిగిలితే చెయ్యి ఎత్తకుండా తరగతిలో కూర్చున్నాం. జవాబు తెలిసి కూడా చెయ్యి ఎత్తని రోజులవి.

ఎం.ఏ.లో చరిత్ర చదువుతూ మధ్యయుగాల నాటి దుస్తుల గురించి తెలుసుకున్నాక, సెలవుల్లో మేము నలుగురం కలిసి ఆ పద్ధతిలో చొక్కాలు కుట్టి చూశాం. మిషను లేదు, దర్జీ లేడు. సూది, దారం, కత్తెర మాత్రమే. ఇప్పుడు వాటిని రోజూ తొడుక్కుంటున్నాం. ఆ పద్ధతి ఏమిటో, దాని వెనుక ఉన్న కథ ఏమిటో తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

అవిసె నార

దుకాణాల్లో లినెన్ అనే పేరుతో ఖరీదుగా అమ్మే బట్ట అవిసె మొక్క కాడల నుంచి తీసిన నారతో నేసింది. ఇది మన పెరళ్ళలో పెరిగే అవిసె చెట్టు కాదు. అవిసె గింజలు, వాటి నూనె వచ్చే చిన్న మొక్క. కాడలను నీటిలో గానీ మంచులో గానీ ఊరబెడితే బెరడు కుళ్ళి నార విడిపోతుంది. మన ప్రాంతంలో వరి తరువాత చల్లే జనుము నుంచి నార తీసేదీ ఇలాగే. మన దేశంలో అవిసెను ఎక్కువగా గింజ కోసమే పండించారు. నార కోసం పండించినవి ప్రధానంగా ఈజిప్టు, యూరప్ దేశాలు.

లినెన్‌కు కొన్ని మంచి గుణాలున్నాయి. చెమటను బాగా పీల్చుకుంటుంది, త్వరగా ఆరుతుంది. తడిసినప్పుడు దాని నార మరింత గట్టిపడుతుంది కాబట్టి బండ మీద ఉతికినా చాలాకాలం మన్నుతుంది. ఉక్కపోతతో ఉడికిపోయే మన కృష్ణా డెల్టాకు ఇంతకన్నా తగిన బట్ట అరుదు. ముడతలు పడటం ఒక్కటే దాని లోపం.

దీని వయసు కూడా చిన్నది కాదు. ఈజిప్టులోని తర్ఖాన్ అనే చోట 1913లో ఫ్లిండర్స్ పెట్రీ తవ్వి తీసిన పాత గుడ్డల మూటలో, 1977లో ఒక కుట్టిన లినెన్ అంగీ బయటపడింది. అది 5,000 సంవత్సరాలకు పైబడినదని కార్బన్ పరీక్షలో తేలింది. ప్రపంచంలో ఇంతవరకు దొరికిన నేసిన దుస్తుల్లో అదే అతి పాతది. దాని మోచేతుల దగ్గర, చంకల దగ్గర ముడతలు ఉన్నాయట. అంటే ఎవరో రోజూ తొడుక్కున్న అంగీ అన్నమాట.

రాజుకైనా అదే కత్తిరింపు

మధ్యయుగాల యూరప్‌లో ఒంటికి తగిలేలా లోపల తొడిగేది లినెన్ చొక్కా. దాని కత్తిరింపులో గుండ్రటి వంపులు దాదాపు ఉండవు. ఒంటికి ఒక పొడవాటి ముక్క, చేతులకు రెండు, చంకల్లో రెండు చిన్న చదరాలు, పక్కల్లో ఘేరా కోసం త్రికోణపు ముక్కలు, అంతే. మగ్గం మీద చేతితో నేసిన బట్ట విలువైనది. వంపులు తిప్పి కత్తిరిస్తే ముక్కలు వృథా అవుతాయి. నిలువుగా, అడ్డంగా కత్తిరిస్తే దాదాపు ఏమీ పోదు. 1270లో మరణించిన ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీదిగా చెప్పే లినెన్ చొక్కా పారిస్‌లోని నోత్రదామ్ చర్చిలో భద్రపరచి ఉండేది. 2019 ఏప్రిల్‌లో ఆ చర్చి కాలిపోతున్నప్పుడు దాన్ని బయటకు తెచ్చి కాపాడారు. రాజు చొక్కా అయినా అందులోనూ పక్కల్లో త్రికోణపు ముక్కలే.

ఆ లినెన్ దేశాలకు నూలు బట్ట మోజు పుట్టించిన రేవుల్లో మన మచిలీపట్నం ఒకటి. ఇంగ్లీషువారి గ్లోబ్ అనే ఓడ 1611లో ఇక్కడికి వచ్చింది. ఈ తీరపు అద్దకపు బట్టలు అక్కడ ఎంతగా చెల్లాయంటే, తమ నేతగాళ్ళు నష్టపోతున్నారని 1721లో ఇంగ్లండు ప్రభుత్వం అద్దకపు నూలు బట్టలు తొడగడాన్నే చాలావరకు నిషేధిస్తూ చట్టం చేసింది. బట్ట వెనుక ఎంత రాజకీయం ఉంటుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

భిక్షువు సూది

ముక్కలు కలిపి చేతితో కుట్టుకోవడం మనకు పరాయి విద్య కాదు. వినయపిటకంలో బుద్ధుడు భిక్షువులకు ఆరు రకాల బట్టలు అనుమతించాడు. వాటిలో అవిసె నార బట్ట ఒకటి, నూలు ఒకటి. మగధలోని వరి మళ్ళను, వాటి గట్లను చూపించి, చీవరం అలా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడని అందులోనే ఉంది. బట్టను ముక్కలు చేసి, మళ్ళు మళ్ళుగా తిరిగి కుట్టిందే చీవరం. భిక్షువు దగ్గర ఉండవలసిన ఎనిమిది వస్తువుల్లో సూది ఒకటి. ఘంటసాలలో, గుడివాడలో ఉన్న స్తూపాల దగ్గర అలాంటి సూదులు పట్టిన చేతులు ఎన్నో మసలి ఉంటాయి.

అంత దూరం పోనక్కరలేదు. పాత చీరలు పొరలుగా పరచి మన అమ్మమ్మలు కుట్టిన బొంతలు పరుగు కుట్టుతో కుట్టినవే. తెలుగు నేల మీద మాలపల్లెల్లో ముతక బట్ట నేసిన మగ్గాలుండేవి. మాదిగవాడల్లో ఆరెతో చెప్పులు కుట్టిన చేతులున్నాయి. ఆ పనులను చిన్నచూపు చూసింది లోకం. పనిలో మాత్రం చిన్నతనం లేదు.

కుట్టే విధానం

మొదటి చొక్కాకు లినెన్ కొననక్కరలేదు. పెడనలోనో, ఆప్కోలోనో దొరికే 44 అంగుళాల పన్నా చేనేత నూలు బట్ట రెండుంపావు మీటర్లు చాలు. ఛాతీ 34 అంగుళాలు ఉన్నవారికి ఈ కొలతలు సరిపోతాయి.

ముందుగా బట్టను నానబెట్టి ఉతికి ఆరేయాలి. కుంగేదంతా అప్పుడే కుంగిపోతుంది. కత్తిరించవలసిన చోట ఒక పోగు లాగితే గీత పడుతుంది. ఆ గీత మీదే కత్తెర వేయాలి. 78 అంగుళాల పొడవు తీసుకుని నిలువుగా రెండు సగాలు చేయాలి. 22 అంగుళాల వెడల్పు ఉన్న ఒక సగం ఒంటికి. దాన్ని మధ్యకు మడిస్తే ఆ మడతే భుజం అవుతుంది, అక్కడ కుట్టు అవసరం లేదు. రెండో సగంలో 18 అంగుళాల చొప్పున రెండు ముక్కలు చేతులకు. 24 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు ఉన్న రెండు ముక్కలను మూల నుంచి మూలకు కోస్తే నాలుగు త్రికోణాలు వస్తాయి. మిగిలిన దానిలో 5 అంగుళాల చదరాలు రెండు, మెడపట్టీ, జేబు తీయాలి. ఇంకా మిగిలిన ముక్కను పారేయకండి, రేపు మాసికకు పనికొస్తుంది.

దారం మూరెడు మించితే చిక్కుపడుతుంది. తేనె మైనం మీద ఒకసారి లాగితే నునుపై తెగకుండా ఉంటుంది. ముందు మెడ కోసి పట్టీ వేయాలి. తరువాత చేతి ముక్క మధ్యను భుజం మడతకు ఆనించి ఒంటికి కుట్టాలి. చంక దగ్గర చదరపు ముక్క ఒక అంచు ఒంటికి, ఒక అంచు చేతికి వచ్చేలా అతకాలి. చెయ్యి ఎత్తినప్పుడు పిగలకుండా కాపాడేది ఆ చదరమే. మిషను మీద గుంపుగా కుట్టే చొక్కాల్లో అది ఉండదు. త్రికోణాలను జతలుగా నిలువు అంచుల దగ్గర కలిపి, ఏటవాలు అంచులను ఒంటి ముక్కకు కుట్టాలి. ఏటవాలు అంచు సాగుతుంది కాబట్టి దాన్ని సాగని నిలువు అంచుకు కలపడం పద్ధతి.

కుట్టు విషయానికి వస్తే, నాలుగు పరుగు కుట్లకు ఒక వెనుక కుట్టు వేస్తే గట్టిగా నిలుస్తుంది. తరువాత లోపల మిగిలిన రెండు అంచుల్లో ఒకదాన్ని సగానికి కత్తిరించి, రెండోదాన్ని దాని మీదకు మడిచి హెమ్మింగ్ చేయాలి. పోగులు ఊడవు. ఒక చొక్కాకు మాకు సుమారు పదిహేను గంటలు పట్టింది. రోజుకు గంట చొప్పున కుడితే రెండు వారాల పని. ఇందులో ఇంకో లాభం ఉంది. ఏ ముక్క చినిగితే ఆ ముక్కనే విప్పి మార్చుకోవచ్చు.

ఎందుకు కుట్టుకోవాలి

రెడీమేడ్ చొక్కా చవకగా దొరుకుతుండగా ఇంత శ్రమ దేనికని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అన్ని బట్టలూ చేతితో కుట్టుకోమని మేము చెప్పడం లేదు. కానీ ఒక్కసారి మొదలు నుంచి చివర వరకు కుట్టినవారికి చినిగిన చోటు చూసి భయం పోతుంది. గుండీకైనా, కాజాకైనా, పక్క కుట్టుకైనా ఎవరినీ అడగవలసిన పని ఉండదు.

మన విషయంలో ఇంకొక మాట కూడా ఉంది. ఎవరు ఏం కట్టాలో, ఎలా కట్టాలో కులమే శాసించిన దేశం ఇది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైభాగం కప్పుకునే హక్కు కోసం పోరాడి, 1859లో గానీ రాజశాసనం సంపాదించలేకపోయారు. 1927 డిసెంబరులో మహద్‌లో స్త్రీలతో మాట్లాడుతూ బాబాసాహెబ్ అంబేద్కర్, కులాన్ని పట్టిచ్చే చీరకట్టును మార్చుకోమని, శుభ్రంగా ఉండమని చెప్పారు. ఆ మాటలు విని ఎంతోమంది కట్టు మార్చారు. మనిషి ఒంటి మీద బట్ట అతని గౌరవానికి గుర్తని ఆయనకు తెలుసు. ఒకరు ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే తొడుక్కోవడం వేరు, మన ఒంటి కొలతకు మన చేతులతో కుట్టుకోవడం వేరు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కుట్టు ఆడపిల్లల పని అని మగపిల్లలు తప్పుకోవద్దు. భిక్షువులకు లేని నామోషీ మనకెందుకు? మీ ట్రంకు పెట్టెలో పుస్తకాల పక్కన రెండు సూదులు, ఒక దారం ఉండ, నాలుగు గుండీలు ఉంచుకోండి. ఆదివారం మధ్యాహ్నం నలుగురు కూర్చుని ముందు చినిగినవి కుట్టుకోండి. తరువాత ఒక సంచి, ఆ తరువాత ఒక చొక్కా. రాలేదనిపిస్తే పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు మమ్మల్ని అడగండి, దగ్గర కూర్చుని నేర్పుతాం. జవాబు తెలిసిన ఏ విద్యార్థీ చంక పిగిలిందని చెయ్యి దించుకుని కూర్చోకూడదు.