ఫీకా... చప్పగా ఉండదు!

ధారూర్, తాండూరు చుట్టుపక్కల చాయ్ హోటల్లో కూర్చుని 'ఫీకా' అన్నారంటే చక్కెర తక్కువైందనో, చప్పగా ఉందనో లెక్క. ఉర్దూ నుంచి వచ్చిన మాట అది. అదే మాట స్వీడన్‌లో వినిపిస్తే మాత్రం ముఖాలు వెలిగిపోతాయి. చేతిలో పని ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అక్కడ ఫీకా అంటే కాఫీ, కబుర్లు, నంజుకోవడానికి కాస్త తీపి!

ధారూర్ నుంచి పైచదువుకని స్వీడన్ వెళ్లిన ఓ కుర్రాణ్ని ఊహించుకోండి. ఉదయం పదవుతుంది. ల్యాబ్ ఖాళీ అవుతుంది. ప్రొఫెసరే వచ్చి 'స్కా వి ఫీకా?' అంటాడు. 'ఫీకాకి వెళ్దామా' అని. 'పనుంది సర్' అంటాడు మనవాడు. కష్టపడుతున్నానని మెచ్చుకుంటారనుకుంటాడు. పొరపాటు అక్కడే!

నిషేధించినా ఆగలేదు

మన విద్యార్థులకు స్వీడన్ కొత్తేమీ కాదు. ఐరోపా బయటి నుంచి వచ్చినవారికీ 2011 దాకా అక్కడి విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండేది కాదు. ఆ రోజుల్లో కార్ల్స్‌క్రోనాలోని బ్లెకింగె టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్‌కి తెలుగు కుర్రాళ్లు పెద్దసంఖ్యలో వెళ్లారు. చదువుతోపాటు వాళ్లు నేర్చుకున్న తొలి స్వీడిష్ మాటల్లో ఫీకా ఒకటి.

ఇంతకీ ఆ మాట ఎలా పుట్టింది? కాఫీని అక్కడ పాత వాడుకలో 'కాఫి' అనేవారు. పందొమ్మిదో శతాబ్దంలో సరదాగా అక్షరాలు అటూ ఇటూ మార్చి పలికితే 'ఫీకా' అయిందట. విచిత్రమేంటంటే, ఇంతగా కాఫీ తాగే ఆ దేశమే ఒకప్పుడు దాన్ని నిషేధించింది. ఒకసారి కాదు... 1756తో మొదలుపెట్టి పలుమార్లు! జనం మాత్రం మానలేదు.

సార్ అనొద్దు

ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో ఉదయం పదింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి ఫీకా ఉంటుంది. అక్కడ పెద్దా చిన్నా తేడా లేదు. ప్రొఫెసర్, గుమస్తా, విద్యార్థి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. అందరూ అందర్నీ పేరు పెట్టే పిలుస్తారు. సార్ కనిపిస్తే లేచి నిలబడటం అలవాటైన మనవాడికి నోరు పెగలదు. అందుకే మొదట్లో తప్పించుకు తిరుగుతాడు.

నష్టం అతనికే. ప్రాజెక్టులో చిక్కుముడి విడేదీ, ఎక్కడ ఉద్యోగం ఖాళీ ఉందో తెలిసేదీ చాలాసార్లు ఆ బల్ల దగ్గరే. పైగా డిసెంబరులో మూడున్నరకే చీకటి పడుతుంది. గదిలో ఒంటరితనం, బయట చలి. పిలిచి పలకరించే ఆ పావుగంట అప్పుడే అవసరం. పిలిచినప్పుడల్లా కాదంటే, కలవడం ఇష్టం లేదేమోనని వాళ్లూ పిలవడం మానేస్తారు.

బిల్లు ఎవరిది?

ధారూర్‌లో చాయ్ తాగాక 'అరె ఉండన్నా, నేనిస్తా' అంటూ చిన్న యుద్ధమే జరుగుతుంది. స్వీడన్ కెఫేలో ఆ గొడవ లేదు. ఎవరిది వారే చెల్లిస్తారు. కాఫీకి, బన్నుకి కలిపి మన లెక్కలో ఐదారు వందలైనా అవుతుంది. మొదటిసారి మనవాడి గుండె ఝల్లుమంటుంది! రెండో కప్పుని 'పోటోర్' అంటారు. చాలాచోట్ల అది ఉచితం, లేదంటే తక్కువ ధర. విశ్వవిద్యాలయంలో అయితే తలా ఓ వారం తినుబండారాలు తెస్తారు. దాల్చినచెక్క బన్నుది అగ్రస్థానం. 1999 నుంచి ఏటా అక్టోబరు 4న దానికో పండగే చేస్తున్నారు.

మన కుర్రాడి వంతూ వస్తుంది. ఏం పట్టుకెళ్లాలి? అమ్మ డబ్బాలో పెట్టి పంపిన గరిజెలు ఉండనే ఉన్నాయి. మూత తీయగానే యాలకుల వాసన. స్వీడన్ వాళ్లకి అది పరాయి వాసన కాదు, వాళ్ల బన్నుల్లోనూ యాలకులు పడాల్సిందే! ఇదెలా చేస్తారని ఒకరు, మీ ఊరెక్కడని ఇంకొకరు... అడిగిందానికి జవాబిస్తూ ప్రొఫెసర్‌ని తొలిసారి పేరుపెట్టి పిలిచేస్తాడు. ఎవరూ ఉలిక్కిపడరు.

చాయ్ అయినా కాఫీ అయినా అంతే. రుచి కప్పులో సగం, ఎదుట కూర్చున్న మనిషిలో సగం. ఈసారి ఎవరైనా 'చాయ్ తాగుదాం దా' అంటే పనుందని తప్పించుకోకండి మరి!