అమెరికాలో ఎక్స్‌రే టెక్నాలజిస్ట్ అవ్వాలంటే: కమ్యూనిటీ కాలేజీలో ఆ రెండేళ్లు ఎలా ఉంటాయి?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక అక్క పెట్టిన మెసేజ్ మీదే. న్యూజెర్సీలో ఉంటారట, బీఎస్సీ చదివారు, పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద వెళ్లారు. "అందరూ టెస్టింగ్ కోర్సు చెయ్యి అంటున్నారు తమ్ముడూ. నాకు కంప్యూటర్ ముందు కూర్చోవడం ఇష్టం లేదు. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో రేడియోగ్రఫీ ఉంది. చేస్తే ఉద్యోగం వస్తుందా?" అని అడిగారు. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన నన్ను ఈ మాట అడిగారంటే, ఆవిడకి టెస్టింగ్ ఎంత విసుగు తెప్పించి ఉంటుందో అర్థమైంది.

ముందు ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. రేడియాలజిస్ట్ వేరు, రేడియోగ్రాఫర్ వేరు. రేడియాలజిస్ట్ అంటే ఎంబీబీఎస్, ఎండీ చేసి, ఫిల్మ్ చూసి రిపోర్ట్ రాసే డాక్టరు. పేషెంట్‌ని సరిగ్గా నిలబెట్టి లేదా పడుకోబెట్టి, ఎంత ఎక్స్‌రే వదలాలో సెట్ చేసి, ఆ బొమ్మ తీసే మనిషి రేడియోగ్రాఫర్. అమెరికాలో వాళ్లని రేడియోలాజిక్ టెక్నాలజిస్ట్ అంటారు, వాడుకలో రాడ్ టెక్. అల్ట్రాసౌండ్ ఇందులోకి రాదు, దానికి చదువు, పరీక్ష రెండూ వేరు.

ఈ ఉద్యోగానికి అక్కడ నాలుగేళ్ల డిగ్రీ అక్కర్లేదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసి, ఏఆర్ఆర్‌టీ అనే సంస్థ పెట్టే పరీక్ష పాసవ్వాలి. ఎడిసన్‌లో మిడిల్‌సెక్స్ కాలేజీ, హ్యూస్టన్ కమ్యూనిటీ కాలేజీ, కాలిఫోర్నియాలో ఫుట్‌హిల్ కాలేజీ, ఇవన్నీ ఈ కోర్సు నడిపేవే. మనవాళ్లు బాగా ఉండే ఊళ్లే ఇవన్నీ.

రెండేళ్లు అని అందరూ చెప్తారు గానీ, దానికి ముందు ఇంకో ఏడాది దాక్కుని ఉంటుంది. అనాటమీ అండ్ ఫిజియాలజీ, ఆల్జీబ్రా, ఇంగ్లిష్ లాంటి సబ్జెక్టులు ముందే పూర్తి చేసి ఉండాలని చాలా కాలేజీలు అడుగుతాయి. ఆ తర్వాతే అసలు ప్రోగ్రామ్‌కి అప్లై చెయ్యడం. సీట్లు తక్కువ, ఎందుకంటే ఆస్పత్రిలో ఒక్కో విద్యార్థికి ఒక టెక్నాలజిస్ట్ పక్కన ఉండి నేర్పించాలి. బీటెక్‌లో లాగా సెక్షన్‌కి అరవై మందిని కుక్కేయడం కుదరదన్నమాట. కమ్యూనిటీ కాలేజీయే కదా, ఎవరికైనా సీటు ఇస్తారు అనుకుని వెళ్లేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. కాలేజీలో చేరడం సులువే, ఈ ప్రోగ్రామ్‌లో చేరడం సులువు కాదు. అనాటమీలో వచ్చే గ్రేడే చాలాచోట్ల మీ సీటుని తేలుస్తుంది.

ఇక లోపల ఏం నేర్పిస్తారు? నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాస్త ఆగి చెప్తాను. ఛాతీ ఎక్స్‌రే అందరం తీయించుకునే ఉంటాం. ఛాతీని ప్లేటుకి ఆనించి నిలబడమంటారు, కిరణాలు వీపు వైపు నుంచి వస్తాయి. ఎందుకలా? గుండె ఛాతీలో ముందు వైపుకి ఉంటుంది. ప్లేటుకి దగ్గరగా ఉంటే దాని నీడ తక్కువ పెద్దదవుతుంది. తిప్పి తీస్తే మామూలు గుండె కూడా ఉబ్బినట్టు కనిపించొచ్చు. ట్యూబుని ఆరు అడుగుల దూరంలో పెట్టేదీ అందుకే. గాలి బాగా పీల్చి బిగబట్టమనేది ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవాలని. ఇలా ప్రతి ఎముకకీ ఒక కోణం, ఒక కారణం ఉంటుంది.

మెషీన్ మీద ముఖ్యంగా రెండు సెట్టింగులు. కేవీపీ అంటే కిరణాలు ఎంత బలంగా చొచ్చుకుపోతాయో, ఎంఏఎస్ అంటే ఎన్ని కిరణాలు వస్తాయో. చిన్నపిల్లాడి చేతికీ, భారీగా ఉన్న మనిషి నడుముకీ ఒకే సెట్టింగ్ పెడితే బొమ్మ అయినా పాడవుతుంది, లేదంటే అనవసరంగా రేడియేషన్ అయినా పడుతుంది. ఇంటర్‌లో బట్టీ పట్టి మర్చిపోయిన విలోమ వర్గ నియమం ఇక్కడ రోజూ పనికొస్తుంది. మంచం దగ్గరికి పోర్టబుల్ మెషీన్ తీసుకెళ్లినప్పుడు రెండు అడుగుల దూరం నుంచి ఆరు అడుగులకి జరిగితే మీ మీద పడేది తొమ్మిదో వంతే.

క్లాసులతో పాటే ఆస్పత్రిలో క్లినికల్స్ ఉంటాయి. పొద్దున్నే షిఫ్టు, సాధారణంగా జీతం ఉండదు. ఏఆర్ఆర్‌టీ లెక్క ప్రకారం 36 రకాల ఎక్స్‌రే పరీక్షలు తప్పనిసరిగా, ఇంకో 15 మీరు ఎంచుకున్నవి చేసి చూపించి సంతకం పెట్టించుకోవాలి. ఒక పరీక్షలో మీరు పాసయ్యేదాకా టెక్నాలజిస్ట్ మీ పక్కనే నిలబడి ఉండాలి. బొమ్మ చెడిపోయి మళ్లీ తీయాల్సి వస్తే, మీరు ఎంత సీనియర్ విద్యార్థి అయినా సరే, ఆయన ఎదుటే తీయాలి. ఇది మంచి రూలు, ఎందుకంటే రెండోసారి రేడియేషన్ పడేది పేషెంట్‌కి. బంకులు, ప్రాక్సీలు ఇక్కడ నడవవు. పైగా తాగి వచ్చిన యాక్సిడెంట్ కేసులు, తుంటి విరిగి కదిలితే అరిచే ముసలివాళ్లు, వాంతులు, రక్తం అన్నీ ఉంటాయి. మనుషుల్ని ముట్టుకుని, ఎత్తి, తిప్పి చేసే పని ఇది. అది పడనివాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

"రేడియేషన్ కదా, పిల్లల్ని కనాల్సిన వయసు, మంచిదేనా?" అని ఇంట్లో అత్తగారో, అమ్మో తప్పకుండా అడుగుతారు. అక్కడ ఉద్యోగికి ఏడాదికి 50 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదని పరిమితి. గర్భవతినని రాతపూర్వకంగా చెప్తే, కడుపులో బిడ్డకి మొత్తం నెలలన్నిటికీ కలిపి 5 మిల్లీసీవర్ట్‌లే పరిమితి, నడుము దగ్గర రెండో బ్యాడ్జి ఇస్తారు. చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం, బలవంతం లేదు. పోలికకి, ఏ ఆస్పత్రికీ వెళ్లకపోయినా ప్రకృతి నుంచి మనకి ఏడాదికి దాదాపు 3 మిల్లీసీవర్ట్‌లు వస్తూనే ఉంటాయి.

చివర్లో పరీక్ష. లెక్కలోకి వచ్చే ప్రశ్నలు 200, పాసవ్వాలంటే స్కేల్డ్ స్కోరు 75. అది 75 శాతం కాదు, గమనించండి. మూడేళ్లలో మూడు ప్రయత్నాలే. ఆపైన న్యూజెర్సీ, టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో పని చెయ్యాలంటే రాష్ట్ర లైసెన్సు కూడా కావాలి.

జీతం విషయానికొస్తే, అమెరికా కార్మిక శాఖ 2023 మే లెక్కల్లో మధ్యస్థ జీతం ఏడాదికి 73 వేల డాలర్ల పైనే. తర్వాత సీటీ, ఎంఆర్ఐ, మామోగ్రఫీ సర్టిఫికెట్లు చేర్చుకుంటూ పోవచ్చు. ఎంఆర్ఐ వాళ్లకి ఇంకా ఎక్కువ.

ఇప్పుడు అక్క అడిగిన అసలు ప్రశ్న. హెచ్-4 మీద చదువుకోవచ్చు, దానికి ఇబ్బంది లేదు. పని చెయ్యాలంటే మాత్రం ఈఏడీ కావాలి. అది రావాలంటే సాధారణంగా బావగారి ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి. అది ఏ దశలో ఉందో తెలుసుకోకుండా మూడేళ్లు చదివితే, చేతిలో సర్టిఫికెట్ ఉండి ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. ఎల్-2 భార్యాభర్తలకి ఈ చిక్కు లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి అసలు ప్రశ్నే లేదు.

ఇండియా నుంచి ఎఫ్-1 మీద ఈ కోర్సుకే వెళ్తాం అనే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి మాత్రం నేను వద్దనే చెప్తాను. హెచ్-1బీకి కనీసం బ్యాచిలర్ డిగ్రీ కావాల్సిన ఉద్యోగమై ఉండాలి. అసోసియేట్ డిగ్రీతో దొరికే ఈ ఉద్యోగం అందులో ఇమడడం చాలా కష్టం. ఏ కన్సల్టెన్సీ అయినా "కాలేజీ ఫీజు తక్కువ, హెచ్-1బీ గ్యారంటీ" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

కాలేజీని ఎంచుకునేటప్పుడు జేఆర్‌సీఈఆర్‌టీ గుర్తింపు ఉందో లేదో చూడండి. ఆ గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామూ మూడు అంకెల్ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి: మొదటి ప్రయత్నంలో పరీక్ష పాసైనవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు, కోర్సు పూర్తి చేసినవాళ్లు ఎంత శాతమో. అందరూ మొదటి రెండూ చూసి మురిసిపోతారు. నేనైతే మూడోదే చూస్తాను. సగం మంది మధ్యలో మానేసి, మిగిలిన సగం వంద శాతం పాసైతే ఆ వందకి అర్థమేముంది?

అక్కా, మీరు ఈ వారం చెయ్యాల్సింది ఒకే ఒక్క ఫోన్ కాల్. కాలేజీ రేడియోగ్రఫీ డిపార్ట్‌మెంట్‌కి చేసి మూడు అడగండి: హెచ్-4 వాళ్లకి స్థానిక ఫీజు ఇస్తారా, ఎస్‌ఎస్‌ఎన్ లేకపోతే ఆస్పత్రులు క్లినికల్స్‌కి రానిస్తాయా, మీ బీఎస్సీలో ఏ సబ్జెక్టులకి క్రెడిట్ ఇస్తారు. వాళ్లేమన్నారో కామెంట్‌లో పెట్టండి, అదే పరిస్థితిలో ఉన్న మిగతావాళ్లు కూడా చూస్తారు.