ఇంటి పన్ను బిల్లును చదవడం ఎట్లు? ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలు తెలుసుకొనవలసిన విషయాలు

ఇంటి పన్ను బిల్లు చేతికి వచ్చినప్పుడు పలువురు చూచేవి రెండే: చెల్లించవలసిన మొత్తం, గడువు తేదీ. మిగిలిన అంకెలు, అక్షరాలు పురపాలక కార్యాలయానికి సంబంధించినవని భావిస్తారు. కాని ఆ కాగితంలోని ప్రతి గడికీ అర్థమున్నది. దానిని చదవలేని గృహస్థు చెల్లించనవసరం లేని సొమ్ము చెల్లించవచ్చు. అంతకంటె ముఖ్యంగా, తనకు లేని హక్కు ఉన్నదని నమ్మి నష్టపోవచ్చు. పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పరిజ్ఞానం మరింత అవసరం.

రెండు పాలనల పట్టణం

పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను ముఖ్యమైన జంక్షనుగా, కర్మాగార కేంద్రంగా రూపొందించింది. ఆ రైల్వే మార్గం తూర్పు తీరం వెంట వాల్తేరు వరకు సాగినందున, ఉత్తరాంధ్ర ప్రాంతం నుండి ఎందరో ఉపాధికై ఇక్కడకు తరలివచ్చారు. పట్టణానికి పురపాలక సంఘం 1954లో ఏర్పడింది. అయినను రైల్వే కాలనీల నిర్వహణ రైల్వే యాజమాన్యం చేతిలోనే కొనసాగింది. 2011 జనగణనలో సైతం పురపాలక ప్రాంతం, రైల్వే సెటిల్‌మెంటు వేర్వేరు భాగాలుగానే లెక్కించబడ్డాయి.

రైల్వే క్వార్టరు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. పార్లమెంటు శాసనం ద్వారా వేరుగా నిర్దేశిస్తే తప్ప, కేంద్ర ప్రభుత్వ ఆస్తులపై రాష్ట్ర ప్రభుత్వం గాని, రాష్ట్రంలోని స్థానిక సంస్థ గాని పన్ను విధించరాదని రాజ్యాంగంలోని 285వ అధికరణం పేర్కొంటున్నది. స్థానిక సంస్థలు రైల్వేలపై విధించే పన్నుల విషయంలో 1989 నాటి రైల్వేల చట్టంలో ప్రత్యేక నియమాలు కలవు. ఏ విధంగా చూచినా ఆ లెక్క రైల్వే యాజమాన్యానికి, స్థానిక సంస్థకు మధ్యనే ఉంటుంది. క్వార్టరులో నివసించే ఉద్యోగి పేర ఆస్తి పన్ను బిల్లు రాదు.

అందువల్ల ఉద్యోగ జీవితమంతా ఈ పట్టణంలోనే గడిపిన వ్యక్తి సైతం, పదవీ విరమణానంతరం ఇందా, మలంచ, ఖరీదా వంటి పేటలలో ఇల్లు కొన్ననాడే మొదటిసారిగా పన్ను బిల్లును చూడవలసి వస్తుంది.

బిల్లులో ఏమున్నది?

మొదట చూడవలసినవి వార్డు నంబరు, హోల్డింగ్ నంబరు. పురపాలక సంఘం తన పన్ను చిట్టాలో ఒక్కొక్క ఆస్తికి ఇచ్చే గుర్తే హోల్డింగ్ నంబరు. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో దీనిని అసెస్‌మెంట్ నంబరు అంటారు. పాత లెక్కలను వెతుకుటకైనా, పేరు మార్పు కోరుటకైనా ఈ నంబరే ఆధారం.

తరువాతిది యజమాని పేరు. ఇల్లు కొన్న తరువాత కూడ బిల్లు పాత యజమాని పేరనే వచ్చుచున్నచో, చిట్టాలో పేరు మార్పు జరగలేదని గ్రహించాలి. అట్టి స్థితిలో నోటీసులు కూడ పాత యజమాని పేరనే వెలువడుతాయి.

మూడవది వార్షిక విలువ. 1993 నాటి పశ్చిమ బెంగాల్ పురపాలక చట్టం ప్రకారం, ఆ ఇంటిని అద్దెకిచ్చినచో సమంజసంగా రాగల ఏడాది అద్దె నుండి మరమ్మతులు మొదలగు ఖర్చుల కింద పది శాతం తగ్గించగా మిగిలినది వార్షిక విలువ. ఇంటిలో యజమాని తానే నివసించుచున్నను విలువ కట్టు పద్ధతికి మూలం ఇదే. ఉదాహరణకు నెలకు 1,000 రూపాయల అద్దె రాగలదని నిర్ణయించినచో ఏడాదికి 12,000 అవుతుంది. అందులో 1,200 తీసివేయగా వార్షిక విలువ 10,800 రూపాయలు. పన్ను 20 శాతమని అనుకొన్నచో ఏడాదికి 2,160 రూపాయలు, మూడు నెలల వాయిదాకు 540 రూపాయలు చెల్లించవలసి ఉంటుంది. 20 శాతమన్నది లెక్క తెలుపుటకు తీసుకొన్న అంకె మాత్రమే. వాస్తవంలో వర్తించే శాతమెంతో పురపాలక కార్యాలయంలో తెలుసుకొనాలి.

చివరి గడులలో ప్రస్తుత వాయిదా, పాత బకాయి, దానిపై వడ్డీ వేర్వేరుగా ఉంటాయి. మొత్తం అకస్మాత్తుగా పెరిగినచో, పెరిగినది పన్నా, బకాయా అన్నది ముందు తేల్చుకొనాలి. పన్ను పెరుగుదలకు కారణం విలువ మార్పు అయినచో అభ్యంతరం తెలుపుకొనుటకు అవకాశమున్నది. విలువ నిర్ధారణకై ఈ రాష్ట్రంలో 1978 నాటి చట్టం కింద ప్రత్యేకంగా ఒక బోర్డు ఏర్పడింది. కొత్త విలువ ప్రకటించినప్పుడు నోటీసులో చూపిన గడువులోగా పునఃపరిశీలన కోరాలి. గడువు దాటిన పిమ్మట చేసే ఫిర్యాదుకు బలం తక్కువ.

రశీదు హక్కు పత్రం కాదు

ఏండ్ల తరబడి పన్ను చెల్లించిన రశీదులున్నవి గనుక ఇల్లు తమదేనని నమ్మేవారు కలరు. ఇది ప్రమాదకరమైన భ్రమ. రికార్డులలో పేరు మార్పు వల్ల ఆస్తిపై హక్కు కలగదనియు, అది పన్ను వసూలుకు మాత్రమే ఉపకరిస్తుందనియు సుప్రీంకోర్టు 1996లో స్పష్టపరచింది. హక్కుకు ప్రధాన ఆధారం రిజిస్టరు అయిన దస్తావేజు.

ఇల్లు కొనేవారు మూడు చోట్ల విచారించాలి. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో దస్తావేజు, భూమి, భూసంస్కరణల కార్యాలయంలో భూమి రికార్డు, పురపాలక కార్యాలయంలో పన్ను చిట్టా. పశ్చిమ బెంగాల్‌లో పేరు మార్పు కూడ రెండు చోట్ల జరగాలి. భూమి రికార్డులో ఒకటి, పురపాలక చిట్టాలో మరొకటి. ఒకటి జరిగినంత మాత్రాన రెండవది దానంతట అదే జరిగినట్లు భావించరాదు. భూమి రికార్డును రాష్ట్ర ప్రభుత్వపు ‘బంగ్లార్‌భూమి’ అంతర్జాల కేంద్రంలో కూడ చూడవచ్చు. కొనుటకు ముందే అమ్మకందారు నుండి బకాయి లేదన్న ఆధారం పొందుట వివేకం. లేనిచో పాత బకాయి కొత్త యజమాని ముంగిటికి వస్తుంది.

మాట వేరు, వ్యవస్థ ఒకటే

బెంగాలీ పత్రాలలో కనిపించే పదాలు తెలుగువారికి తొలుత కొత్తగా తోచినను, అవి పూర్తిగా అపరిచితాలు కావు. ‘దాగ్’ అనగా భూమి నంబరు. తెలుగు రైతు దానిని సర్వే నంబరు అంటాడు. ‘ఖతియాన్’ అన్నది భూమి హక్కుదారు ఖాతా. ‘మౌజా’ పాత తెలుగు దస్తావేజులలోని ‘మౌజే’కు తోబుట్టువు. ‘దలీల్’ అనగా దస్తావేజు. ‘ఖజానా’ అన్న మాట బెంగాలీలో భూమి శిస్తును తెలుపగా, తెలుగులో ధనాగారాన్ని సూచిస్తుంది. పారసీ భాషలో పరిపాలన సాగిన కాలం రెండు ప్రాంతాలలోను విడిచిపోయిన పదసంపద ఇది.

పద్ధతులలో మాత్రం కొన్ని భేదాలున్నవి. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో పన్ను ఆరు నెలల కొకసారి చెల్లించే వాయిదాగా ఉన్నది. 2021 ఏప్రిల్ నుండి అక్కడ వార్షిక అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువను ప్రాతిపదికగా గ్రహిస్తున్నారు. అందువల్ల స్వగ్రామంలోని ఇంటి బిల్లుతో ఖరగ్‌పూర్ బిల్లును పోల్చి, హెచ్చు తగ్గులను నిర్ణయించడం సరికాదు.

తెలుగును రాష్ట్ర అధికార భాషలలో ఒకటిగా గుర్తించుటకు పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్ తెలుగువారికి ఇది ఆనందకరమైన విషయం. అయినను కార్యాలయ పత్రం ఏ భాషలో ఉన్నను, అందులోని హోల్డింగ్ నంబరు, యజమాని పేరు, వార్షిక విలువ, బకాయి అన్న నాలుగు గడులను గుర్తించగల పౌరుడు ఇతరులపై ఆధారపడనవసరం లేదు. పాఠశాల విద్యార్థి తన ఇంటి బిల్లును తీసుకొని ఈ నాలుగింటిని పెద్దలకు చదివి వినిపించగలిగినచో, పౌరశాస్త్రంలో అంతకు మించిన అభ్యాసం ఉండదు.